హవల్దార్ సుబ్బురాజ్ సెలవు

విరుదునగర్‌లో మాజీ సైనికుల వైద్య కేంద్రం అప్పట్లో ఒక పాత మిరపకాయల గోదాములో నడిచేది. కొత్త భవనం కట్టేదాకా తాత్కాలికంగా అని అక్కడ పెట్టారు. ఆ తాత్కాలికం అలాగే ఉండిపోయింది. గోడలకు ఎన్ని పూతలు సున్నం వేసినా, వాన తేమ తగిలితే చాలు, లోపల ఇంకిపోయిన పాత ఘాటు మెల్లగా బయటికొచ్చేది. బెంచీల మీద కూర్చున్న ముసలి సిపాయిలు ఒకరి తర్వాత ఒకరు తుమ్మేవాళ్లు.

ముత్తులక్ష్మికి ఆ తుమ్ములు కూడా అలవాటైపోయాయి. మామను వెంటబెట్టుకుని అక్కడికి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం ఎప్పుడో మానేసింది.

మామ పేరు సుబ్బురాజ్. పటాలంలో హవల్దారుగా చేసి దిగినవాడు. ఇంట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడే కుటుంబం. నాగలాపురం పక్కన నల్లరేగడి చేను, దాంట్లో మినుములు, కంబు అనే సజ్జ, వాన పడితే పత్తి. మంచుకొండల మీద ఒక చలికాలం కాపలా కాసినందుకు ఎడమకాలి వేళ్లు రెండు అక్కడే వదిలేసి వచ్చాడు. వయసులో ఉన్నన్నాళ్లూ ఆ కాలితోనే దున్నాడు. ఇప్పుడు ఒంట్లో చక్కెర చేరింది. వేళ్లు పోయిన చోట చిన్న పుండు లేచి, నెమ్మదిగా పాదమంతా నల్లబడుతోంది. కోవిల్‌పట్టిలో చూపిస్తే అక్కడి డాక్టరు ఒకటే మాట చెప్పాడు. రక్తం దిగని నరానికి మదురైలో ఆపరేషన్ చెయ్యాలి, సైనికుల పథకం కింద పెద్ద ఆసుపత్రిలో చేస్తారు, విరుదునగర్ కేంద్రంలో డాక్టరు కాలు చూసి ఒక చీటీ రాసిస్తే చాలు అని.

ఆ ఒక్క చీటీ దొరకలేదు. ఒకసారి వస్తే డాక్టరు సెలవు. ఇంకోసారి వస్తే కంప్యూటరు పని చెయ్యలేదు. మరోసారి మామ బొటనవేలు మిషను మీద పెడితే అది గుర్తుపట్టలేదు. నాగలి పట్టి పట్టి అరిగిపోయిన వేలు. గుమాస్తా ఆయన వేలిని గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టించి, మళ్లీ తుడిచి, చివరికి "మీరు మీరే అని తేలాలి కదా పెద్దాయనా" అన్నాడు. మామ దారి పొడుగునా బస్సులో ఆ వేలినే చూసుకుంటూ కూర్చున్నాడు.

ఇంట్లో మగదిక్కు లేదని కాదు. ముత్తులక్ష్మి మొగుడు సెందిల్‌కుమార్ కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల లోడు వేసుకుని లారీ మీద ఉత్తరాదికి పోతే తిరిగి రావడానికి రోజులు పట్టేది. అందుకే ఈ తిరుగుడంతా కోడలిదే అయింది.

ఆ రోజు దీపావళి ముందరి ఐప్పసి నెల వాన. పొద్దున్నుంచీ ఆకాశం కిందికి దిగి ఉంది. డాక్టరు ఇంకో ఊళ్లో క్యాంపుకు పోయారనీ, సాయంత్రానికి తప్పకుండా వస్తారనీ చెప్పారు. మధ్యాహ్నం దాటేసరికి మిగతావాళ్లంతా విసిగి లేచి వెళ్లిపోయారు. గుమాస్తా కూడా గొడుగు తీసుకుని పోయాడు. అటెండరు ఇసక్కిపాండి ఒక్కడే మిగిలాడు.

"మీరూ బయలుదేరండమ్మా. వాన పెద్దదయ్యేలా ఉంది. రేపు రావచ్చు" అన్నాడు తమిళంలో.

"రేపు అని ఎన్నిసార్లు అన్నారన్నా?" అంది ముత్తులక్ష్మి. గొంతు పెంచలేదు. పెంచే ఓపిక లేదు. "ఈయనకు పొద్దున్నుంచి జ్వరం. ఇంకో రేపు ఈ కాలికి లేదు. డాక్టరు వచ్చేదాకా ఇక్కడి నుంచి కదలను."

ఇసక్కిపాండి తల గోక్కున్నాడు. మంచివాడే. చేతిలో ఏమీ లేనివాడు. "సరే, పెద్దాయనకు టీ పట్టుకొస్తాను" అని వానలోకి పోయాడు.

అతను అలా పోయాడో లేదో కరెంటు పోయింది.

పంకా చివరి చుట్టు తిరిగి ఆగింది. సాయంత్రమే అయినా గోదాములో చీకటి గుయ్యారంలా కమ్ముకుంది. కిటికీలు ఎత్తులో, చిన్నవి. పైన రేకుల మీద వాన మోత. మామ బెంచీ మీద కాలు చాపుకుని, కళ్లు మూసుకుని ఉన్నాడు. కట్టు కింది నుంచి వచ్చే వాసన ముత్తులక్ష్మికి ఇప్పుడు కొత్త కాదు. పక్కనే కూర్చుని ఆయన నుదురు తాకి చూసింది. కాలిపోతోంది.

కాసేపటికి మిరప ఘాటు తగ్గింది. దాని చోట ఇంకేదో వాసన వచ్చింది. టింక్చరు. తడిసిన కంబళి. బూట్ పాలిష్.

గోదాము వెనక భాగానికి ఒక పెద్ద చెక్క తలుపు ఉంది. దానికి ఎప్పుడూ తాళం. వెనక కప్పు కూలిపోయిందనీ, అందులో పాత గోనెలు తప్ప ఏమీ లేవనీ అందరికీ తెలుసు.

ఆ తలుపు అవతల ఎవరో బెంచీ జరిపారు.

ముత్తులక్ష్మి తల తిప్పింది. వాన మోతలో పొరపాటుగా విన్నాననుకుంది. మళ్లీ వినబడింది. ఆ వెంటనే దగ్గు. ముసలి దగ్గు, గుండెల్లోంచి వచ్చేది. ఇంకో మూల నుంచి ఇంకొకరు గొంతు సవరించుకున్నారు. చాలామంది మనుషులు ఒక చోట కూర్చుని, మాట్లాడకుండా, ఓపిగ్గా ఎదురుచూస్తుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. ఆ చప్పుడు ఆమెకు బాగా తెలుసు. ఇన్నాళ్లూ ఇటువైపు విన్నది అదే.

వెనక దారి ఒకటి ఉందేమో, రోగులు అటు నుంచి వచ్చారేమో అనుకుంది. డాక్టరు కూడా అటే వచ్చారేమో. లేచి అడుగుదామని చూసేసరికి తలుపు ఓరగా తెరిచి ఉంది.

తాళం ఏమైందో ఆమె చూడలేదు.

లోపలి నుంచి ఒక గొంతు పలికింది. కోపం లేదు, తొందర లేదు. పొడిగా ఉంది.

"సుబేదార్ మురుగేశన్."

"హాజిర్, సాబ్."

ఎవరో లేచారు. బూట్లు నేలకు తగిలాయి. అడుగులు కొంత దూరం పోయి, ఆగిపోయాయి. అవి దేంట్లోకి పోయాయో తెలియలేదు.

"నాయక్ కృష్ణసామి."

"హాజిర్, సాబ్."

మామ కళ్లు తెరిచాడు.

"ముత్తూ" అన్నాడు మెల్లగా. "కృష్ణసామి అంటే మన పాంచాలంకురిచ్చి ఆయన కదా?"

పాంచాలంకురిచ్చి కృష్ణసామి ముత్తులక్ష్మికి తెలుసు. ఇదే బెంచీ మీద, మూత్రపిండాల మందుకోసం వచ్చి కూర్చునేవాడు. ఇంటి నుంచి చింతపండు అన్నం తెచ్చుకుని సగం మామకు పెట్టేవాడు. మందు వచ్చేలోపల ఆయనే పోయాడు.

"ఆయన లేడు కదా మామా" అంది.

"మురుగేశన్ సారు కూడా లేడు" అన్నాడు మామ. అదేదో మామూలు సంగతిలా అన్నాడు.

"లాన్స్ నాయక్ కరుప్పయ్య."

"హాజిర్, సాబ్."

ఆ గొంతు వినగానే మామ ముఖం వెలిగింది. కరుప్పయ్యది ఎట్టయాపురం. మామతో ఒకే పటాలంలో చేశాడు, ఒకే బస్సులో ఇక్కడికి వచ్చేవాడు. గుండె పరీక్షకు చీటీ అడిగి అడిగి, పోయిన ఆడి నెలలో, ఆషాఢం నాళ్లలో, బస్టాండులోనే కుప్పకూలాడు. పాడె మోసినవాళ్లలో మామ ఒకడు. కుంటుతూనే మోశాడు.

"వాడే" అన్నాడు మామ. "ఆ కీచుగొంతు వాడిదే."

"మామా, లేచి రండి. పోదాము."

"ఉండుమా. వరసగా పిలస్తా ఉండారు."

"మామా..."

"విను. ఎవరూ తోసుకోటం లేదు. ఎవరినీ రేపు రమ్మనటం లేదు."

ఆయన గొంతులో భయం లేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. ఆయన బెంచీ మీద నిటారుగా కూర్చున్నాడు. చొక్కా గుండీ పెట్టుకున్నాడు. చెదిరిన జుట్టు చేత్తో సర్దుకున్నాడు.

వాన ఒక్కసారిగా ఆగింది. రేకుల మీద చుక్క పడిన చప్పుడు కూడా లేదు.

"హవల్దార్ సుబ్బురాజ్."

మామ లేచి నిలబడ్డాడు. పొద్దున బస్సెక్కేటప్పుడు ఇద్దరు పట్టి ఎక్కించిన మనిషి. ఆ నల్లబడిన కాలి మీదే, ఆధారం లేకుండా, బిగుసుకుని నిలబడ్డాడు. నోరు తెరిచాడు.

ముత్తులక్ష్మి చెయ్యి అడ్డం పెట్టి ఆ నోరు మూసింది.

"పలకొద్దు మామా... మీకు దండం పెడతా... పలకొద్దు."

ఆయన ఆమె చేతిని పక్కకు తీశాడు. నెమ్మదిగా, మొరటుతనం లేకుండా.

"ఎన్ని తడవలు వచ్చితిమి ముత్తూ" అన్నాడు గుసగుసగా. "ఇంత కాలంలో ఈడ ఒక్కడన్నా నా పేరు పెట్టి పిలిచినాడా? నంబరు అంటారు. పెద్దాయనా అంటారు. వేలు పెట్టు అంటారు. నేను నేనే అని వీళ్లకు ఇంకా తేలలేదు. ఆడ ఉండేవాళ్లకు తెలుసును."

ఆయన అన్నదాంట్లో అబద్ధం ఏముంది?

"హవల్దార్ సుబ్బురాజ్."

రెండోసారి. ఈసారి గొంతు దగ్గరికి వచ్చింది. తలుపు ఇంకొంచెం తెరుచుకుంది. లోపల వెలుతురు లేదు. ఆ చీకట్లో బెంచీలున్నాయి, బెంచీల మీద మోకాళ్లున్నాయి. వరసగా, మర్యాదగా దగ్గరికి పెట్టుకున్న మోకాళ్లు. వాటి పైభాగం ఆమెకు కనబడలేదు. చూడాలని కూడా అనిపించలేదు.

అప్పుడు ముత్తులక్ష్మికి భయం కన్నా ముందు కోపం వచ్చింది. ఇన్ని నెలలు గుమాస్తా ముందు మింగిన కోపం, బస్సుల్లో మింగిన కోపం, ఫోను ఎత్తని ఆఫీసుల మీద కోపం, అంతా ఒక్కచోటికి చేరింది. మామను తన వెనక్కు లాగి, తలుపు వైపు తిరిగింది.

"బతికుండగా ఎవరూ పిలవకపోతిరి" అంది. "ఇప్పుడు పిలిచేకి మీరెవరు? ఆయన రాడు. ఆయన... ఆయన సెలవులో ఉండాడు."

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. పటాలం కబుర్లలో మామ నోట ఎప్పుడూ వినే మాట అదే. సెలవు దొరికింది, సెలవు దొరకలేదు, సెలవులో ఇంటికొచ్చాను.

లోపల ఎవరో ఊపిరి పీల్చిన చప్పుడు. తర్వాత ఆ పొడి గొంతు, చాలా మామూలుగా, అడగవలసిన ప్రశ్న అడిగినట్టు అడిగింది.

"ఎప్పటిదాకా?"

ముత్తులక్ష్మి తడబడింది. ఏదో ఒకటి చెప్పాలి. నెల అంటే నెలకే వస్తారేమో. ఏడాది అంటే ఏడాదికి. ఆమె బుర్రలో ఆ క్షణాన ఎన్నటికీ జరగనిది ఒక్కటే కనబడింది.

"ఈడి డాక్టరు చూసేదాకా" అంది.

లోపల ఎవరో సన్నగా నవ్వారు. కరుప్పయ్య నవ్వు అది. తర్వాత గొంతు అంది:

"మంజూర్."

తలుపు మూసుకుంది. తాళం ఎప్పటిలాగే దానికి వేలాడుతోంది. రేకుల మీద వాన మళ్లీ దబదబా మొదలైంది. మామ ఆమె భుజం మీద వాలిపోయాడు.

అప్పుడే బయట బండి ఆగిన చప్పుడైంది.

ఇసక్కిపాండి టీ గ్లాసుతో పరుగెత్తుకొచ్చాడు. ముఖం నిండా సంతోషం. "అమ్మా, మీ మాట గెలిచింది. డాక్టరమ్మ వచ్చేశారు. వానలో రోడ్డు మునిగినా, మీరు ఉన్నారని ఫోన్ చేసి చెబితే వచ్చారు."

అతని వెనకే టార్చి వెలుతురు గుమ్మంలోకి వచ్చింది. డాక్టర్ శాంతిప్రియ చిన్నవయసు మనిషి. ఒక్కతే ఇలాంటి కేంద్రాలు ఎన్నో చూసుకుంటూ ఊళ్లూళ్లూ తిరుగుతోంది. చీర అంచు మోకాళ్లదాకా తడిసింది, కళ్ల కింద నలుపు. "క్షమించండమ్మా, ఆలస్యమైంది. ఎక్కడ హవల్దార్ గారు?" అంటూ టార్చి ఎత్తింది.

ముత్తులక్ష్మికి తను అన్న మాట అప్పుడు అర్థమైంది.

పైట చెంగు లాగి మామ ముఖం మీద కప్పేసింది.

"చూడొద్దు డాక్టరమ్మా" అంది. "చూడొద్దు. మేము పోతా ఉండాము."

"అదేంటమ్మా? పొద్దున్నుంచీ దీని కోసమే కదా కూర్చున్నారు?"

ముత్తులక్ష్మి చెంగు కింద దాచిన ముసలాయన్ను సగం ఎత్తుకుని, సగం ఈడ్చుకుని వానలో పడింది. దేనికోసం ఇంతకాలం కాళ్లరిగేలా తిరిగిందో ఆ వెలుతురుకు వీపు చూపించి పారిపోయింది. రోడ్డు మీద ఆటో ఎక్కాక ఆమెకు ఏడుపొచ్చింది. భయంతో కాదు. కడుపు మంటతో. పొద్దునే ఈ డాక్టరు వచ్చి ఉంటే. పోయిన నెల వచ్చి ఉంటే.

ఆ రాత్రే కోవిల్‌పట్టి సర్కారు ఆసుపత్రిలో చేర్పించింది. అక్కడి డాక్టర్లు చూశారు. మామకు ఏమీ కాలేదు. విరుదునగర్ డాక్టరు చూస్తేనే ఆ సెలవు తీరుతుందన్నమాట అని ఆమె ఊపిరి పీల్చుకుంది. ఇంకో వేలు తీసేశారు, జ్వరం దిగింది. కానీ మదురై ఆపరేషన్ తప్పదని వాళ్లూ చెప్పారు.

తర్వాత విచిత్రం ఏమంటే, ఆ పుండు మానలేదు, పెరగనూ లేదు. కట్టు విప్పినప్పుడల్లా నిన్న ఎంతుందో అంతే. నర్సు ఆశ్చర్యపోయేది. ముత్తులక్ష్మి నోరు మెదిపేది కాదు.

మామకు మాత్రం ఆమె మీద కోపం. ఇంటికొచ్చాక కట్టెదుట పెట్టిన గంజి ముట్టకుండా అన్నాడు: "డాక్టరు లేదని ఏడిస్తివి. దొరికినాక దాచిపెడితివి. ఆ పక్క వాళ్లన్నా పిలిచినారు, ఆడికీ పోనియ్యకపోతివి. నన్ను ఏం సేద్దామని ఉండావు?"

"ఉంచుకుందామని, మామా" అంది ఆమె.

ఆయన గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత గంజి తాగాడు.

లారీ దిగి వచ్చిన సెందిల్‌కుమార్ కూడా తిట్టాడు. జరిగింది చెప్పబోతే సగంలోనే ఆపి, "జ్వరంలో ఆయన కలవరించినాడు, దిగులులో నువ్వు విన్నావు" అన్నాడు. అవునేమో అని ఆమెకూ కొన్నిసార్లు అనిపించేది. అయినా విరుదునగర్ వైపు పోయే బస్సు కనబడితే తల పక్కకు తిప్పుకునేది.

అసలు చిక్కు అక్కడి నుంచి మొదలైంది. ఆ రోజు వాళ్లు చూపించుకోకుండానే పారిపోయినా డాక్టర్ శాంతిప్రియ వాళ్లను మరిచిపోలేదు. ఇసక్కిపాండి దగ్గర నంబరు తీసుకుని తనే ఫోన్ చేసింది. "కాలు పోతుందమ్మా, తీసుకురండి" అంది. ఇంకోసారి, "రాలేకపోతే బండి పంపిస్తాను" అంది. పై ఆఫీసులో పోట్లాడి గోదాముకు జనరేటరు తెప్పించిందట. వేలిముద్ర పడనివాళ్లకు ముఖం చూసి పంపేలా ఏర్పాటు చేసిందట. ముసలివాళ్లను ఇప్పుడు పేరు పెట్టి పిలుస్తున్నారట. ఇవన్నీ ముత్తులక్ష్మి కొన్నాళ్లుగా దేవుణ్ణి అడిగినవే. ఒక్కొక్కటీ వింటుంటే సంతోషం రావాల్సిన చోట అరికాళ్లు చల్లబడేవి. ప్రతిసారీ ఏదో అబద్ధం చెప్పేది. ఇంట్లో చావు అనేది. విత్తనాలు వేస్తున్నాం అనేది. రేపు వస్తాం అనేది. తన నోట ఆ రేపు విని తనే సిగ్గుపడేది.

సంక్రాంతి వచ్చే తై నెల దాటాక ఒక ఉదయం. రాత్రి మంచు పడి చేనంతా తడిగా ఉంది. ముత్తులక్ష్మి వాకిట్లో మినప కట్టె ఆరబోస్తోంది. మామ లోపల మంచం మీద ఇంకా లేవలేదు. ఫోన్ మోగింది. డాక్టరమ్మే.

ఈసారి ఆమె గొంతు హాయిగా ఉంది.

"ముత్తులక్ష్మమ్మా, థ్యాంక్స్. చివరికి నా మాట విన్నారు."

"ఏం మాట డాక్టరమ్మా?"

"నిన్న సాయంత్రం సంగతి. అందరూ వెళ్లిపోయాక వచ్చారు కదా. ఆలస్యమైనా మంచి పని చేశారు. కాలు బాగా చూశాను. మదురైకి రాసి ఇచ్చేశాను. ఇంక మీకు ఏ బాధా లేదు."

నిన్న సాయంత్రం మామ ఈ వాకిట్లోనే కూర్చుని మేకలకు ఆకు వేశాడు. ఆమె ఇక్కడే ఉంది. ఇద్దరూ ఊరు దాటలేదు.

"చూశారా?" అంది. "మీరు... ఆయన్ను చూశారా?"

"చూడక? టార్చి పెట్టి మరీ చూశాను."

"ఆయన ఎవరితో వచ్చారు డాక్టరమ్మా?"

అవతల చిన్న నవ్వు.

"అదేం ప్రశ్నమ్మా? చెయ్యి పట్టుకుని మీరే కదా తీసుకొచ్చారు."

ముత్తులక్ష్మి ఫోన్ చెవి దగ్గర నుంచి తియ్యలేదు. తియ్యడం చేతకాలేదు. ఇంటి లోపల మంచం కిర్రుమంది. ఎవరో లేచి నిలబడ్డారు. తర్వాత మామ గొంతు వినబడింది, లోపల తన పక్కనే ఉన్న మనిషితో అంటున్నట్టు. నిద్ర మత్తు లేదు. చాలా రోజులుగా ఆ గొంతులో లేని నెమ్మది ఉంది.

"సెరి ముత్తూ, వస్తా ఉండా. చెయ్యి మాత్రం వదలొద్దు."